శోకంలో బాపు పేరు

సుబేదారి, హనుమకొండ
6 ఫిబ్రవరి 2025

మొగిలమ్మ అత్తకు,

ఫోన్ చేయకుండా ఉత్తరం రాసిందేమిటి ఈ పిల్ల అనుకుంటున్నావు కదా. నీ చెవులు దాదాపు పోయాక నేను ఫోన్ చేస్తే బాపు ఎత్తడం, నా మాట నీ చెవి దగ్గర అరవడం, నీ మాట మళ్లీ నాకు చెప్పడం మనకు అలవాటైంది. ఇది బాపు నోటి మీదుగా రావలసిన సంగతి కాదు. అంగన్‌వాడీలో ఊరి పిల్లలందరికీ అక్షరాలు దిద్దించిన చెయ్యి నీది. జవాబు రాయలేనని మాత్రం అనకు.

నా వైవా తేదీ వచ్చింది. మార్చి 20, గురువారం. ఇన్నేళ్లు కూర్చుని రాసిన థీసిస్ గురించి ఇప్పుడు నిలబడి నోటితో చెప్పాలి. వేరే యూనివర్సిటీ నుంచి ఒక పెద్ద సారు వస్తారు. ఆయన అడిగినవాటికే కాదు, హాల్లో కూర్చున్నవాళ్లు అడిగినవాటికి కూడా జవాబు చెప్పాలి. అది దాటితే నేను డాక్టర్ వినోదను. సూది వేసే డాక్టర్‌ను కాదని వాడకట్టులో ముందే చెప్పి పెట్టు, లేకపోతే మోకాళ్ల నొప్పులన్నీ నా దగ్గరికే వస్తాయి.

రాయడం వేరు, చెప్పడం వేరు అని ఇప్పుడు తెలుస్తోంది. రోజూ సాయంత్రం గదిలో మంచం గోడకు జరిపి, లిదియాను కుర్చీలో కూర్చోబెట్టి చెప్పి చూసుకుంటున్నాను. లిదియా నా రూమ్మేట్. చర్చిలో పిల్లలకు పాటలు నేర్పుతుంది కాబట్టి గొంతు సంగతి మొహమాటం లేకుండా చెబుతుంది. “వినోదా, నువ్వు చెప్తలేవు, అప్పజెప్తానవ్” అంది నిన్న. మా గైడ్ హరికృష్ణ సార్ ఇచ్చింది ఇరవై నిమిషాలు. అందులో సగం నాకు ముందుమాటకే పోతోంది.

అసలు సంగతికి వస్తాను. ఈ కవరులో నాలుగో అధ్యాయం జిరాక్స్ పెట్టాను. మన చుట్టుపక్కల ఊళ్లలో చావింట ఆడవాళ్లు పెట్టే శోకాల మీదే కదా నా థీసిస్. నాలుగో అధ్యాయమంతా నీ శోకమే, మా అమ్మ పోయినప్పుడు నువ్వు పెట్టింది. “సల్లంగ ఉన్న ఇంట్ల శోకం తీయద్దు” అని నన్ను ఊరి పొలిమేర దాటించి, పత్తి చేను గట్టు మీద కూర్చుని పాడావు చూడు, అదే. నేను ఫోన్ ఈ చేతికీ ఆ చేతికీ మార్చుకుంటుంటే రికార్డులో సగం నా గాజుల చప్పుడే పడింది. వైవాలో ఆ శోకం మొత్తం చదివి వినిపించాలని అనుకుంటున్నాను. ఒకసారి చూసి తప్పులుంటే చెప్పు.

బాపుకు చూపించకు. చదివేటప్పుడు కూడా జాగ్రత్త. నువ్వు మెల్లగా అన్నాననుకున్న మాట వాడ చివరిదాకా వినిపిస్తుంది.

నీ కోడలు
వినోద


మన ఊరు, కేసముద్రం మండలం
13 ఫిబ్రవరి 2025

కడుపు చల్లగా, కాలు భద్రంగా ఉండమని మేనకోడలు వినోదను దీవిస్తూ అత్త రాస్తున్న జాబు.

పోస్ట్‌మన్ కవరు చేతిలో పెడితే ముందు భయం వేసింది. ఈ కాలంలో మన ఇంటికి కాగితం వచ్చిందంటే బ్యాంకుదో కోర్టుదో అయి ఉంటుంది. నీ గుండ్రటి అక్షరాలు చూసినాక ప్రాణం కుదుటపడింది. ఉత్తరంలో మాట్లాడినట్టు రాయకూడదు, పుస్తకంలో ఉన్నట్టు రాయాలని మా సూపర్‌వైజర్ అరుణమ్మ నేర్పింది. అట్లాగే రాస్తాను. నడుమ నడుమ జారితే నవ్వకు.

నా చెవుల గురించి ఫికర్ పడకు. చెవిటివాని ముందు శంఖం ఊదినట్టు అని సామెత చెబుతారు కానీ, ఊదేవాడి బుగ్గలు చూసి ఎంత గట్టిగా ఊదుతున్నాడో నేను చెప్పగలను. వినబడకపోవడంలో సుఖం కూడా ఉంది. పక్కింటి వెంకటయ్య కొత్తగా పెద్ద డబ్బా కొని పొద్దున్నే పాటలు పెడుతున్నాడట. వాడ అంతా తిట్టుకుంటోంది, నేను ఒక్కదాన్నే నిద్రపోతున్నాను.

నీ కాగితాలు వచ్చిన రోజే చదివాను. తమ్ముడు నా పక్కనే కూర్చుని మక్క కంకులు ఒలుస్తున్నాడు. నువ్వు చెప్పావు కదా అని గొంతు లేవకుండా, లోపల్లోపలే చదువుకున్నాను. సగంలో ఉండగా ఏమైందో, వాడు చేతిలో కంకి కింద పెట్టి లేచి బావి దిక్కు పోయాడు. మోటర్ చూసుకోవడానికి కావచ్చు. అన్నం వేళ దాటినాక వచ్చాడు.

నా శోకం ఉన్నది ఉన్నట్టు రాశావు. తప్పులేమీ లేవు. కానీ దాని కింద నువ్వు రాసింది చదివినాక నాకు ముద్ద దిగలేదు. “ఈ శోకం ఒక సాక్ష్యం. భర్త నిర్లక్ష్యాన్ని ఊరి ముందు నిలబెట్టిన ఆడపడుచు వాంగ్మూలం” అని రాశావు. వాంగ్మూలం అంటే పోలీసుల ముందు చెప్పేది కదా బిడ్డా. నేను ఏ పోలీసుకు చెప్పాను?

ఆ శోకం ఆ హాల్లో చదవకు. ఎన్ని ఊళ్లు తిరిగావు, ఎందరి శోకాలు లేవు నీ దగ్గర, అవి చదువుకో. కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుతుంది. ఇంతకంటే నేను కాగితం మీద రాయను.

తమ్ముడికి వైవా తేదీ చెప్పాను. మొన్న కేసముద్రం పోయి తెల్ల చొక్కా కొనుక్కొచ్చాడు. “అక్కా, ఇస్త్రి ఏ దినం చేపియ్యాలె” అని ఇప్పటి నుంచే నా చెవి తినేస్తున్నాడు, ఉన్న చెవి కూడా కాదు.

ఇట్లు, నీ మంచి కోరే
అత్త


సుబేదారి
18 ఫిబ్రవరి 2025

అత్తా,

చదవకు అన్నావు కానీ ఎందుకో చెప్పలేదు. చావు లేని చోట శోకం తీయకూడదని భయపడుతున్నావేమో అనుకున్నాను మొదట. రాగం తీయను, ఉత్త మాటలుగా చదువుతాను అని రాయబోయాను కూడా. మళ్లీ నీ జాబు చదివితే అర్థమైంది, నీ భయం అది కాదు. నీ తమ్ముడి పరువు.

ఈ మాటలు నావి కావు, నీవే:

“లెవ్వే నా మరదలా కళావతీ, పొద్దెక్కవట్టె
వాకిలి నిండ మందొచ్చిరి, పీటెయ్యవేందే మరదలా
కాంట కాడ కూసున్నవా నా తమ్మీ రాయమల్లూ
పత్తి తూకమయ్యెదాక పైలంగ కూసున్నవా
పత్తి బరువు ఎరుకాయె, పెండ్లాం బరువు ఎరుకలేకపాయె
నలుగురి భుజాల మీద ఇయ్యాల తూకమేస్తరు
వచ్చి ఎత్తుకో నా తమ్మీ రాయమల్లూ”

అమ్మ జ్వరంతో మంచంలో ఉంటే బాపు పత్తి బండితో కేసముద్రం మార్కెట్‌కు పోయాడు. కాంట మీద తూకం వంతు రాలేదని యార్డులోనే ఉండిపోయాడు. అమ్మ పోయినాక తెల్లారి వచ్చాడు. ఇందులో నేను కల్పించింది ఏముంది? ఊరంతా చూస్తుండగా ఆయన ముఖం మీదే అనగలిగిన నువ్వు, ఇన్నేళ్ల తర్వాత దాచమంటున్నావు. ఇంటి గుట్టు లంకకు చేటు అనుకుంటున్నావా? ఆడవాళ్లు బతికినప్పుడు నోరు విప్పలేని మాట చావింట శోకంలో అంటారని నేను ఆ అధ్యాయమంతా రాశాను. దానికి ప్రాణం ఈ శోకమే. “ఎక్స్‌టర్నల్ సార్ తప్పకుండా దీని మీదే అడుగుతారు, నీ వాక్యాన్ని నువ్వు నిలబెట్టుకోవాలి” అని హరికృష్ణ సార్ కూడా అన్నారు. నేను దాన్ని వదిలేస్తే నా చేతిలో మిగిలేది ఊళ్ల పేర్లే.

ఇంకో సంగతి. బాపుకు నిన్న ఫోన్ చేసి వైవాకు రావద్దని చెప్పాను. బయటివాళ్లను రానివ్వరని చెప్పాను. అబద్ధమే. “సరె బిడ్డా” అన్నాడు, అంతే. నువ్వు మాత్రం తప్పకుండా రావాలి.

వినోద


మన ఊరు
24 ఫిబ్రవరి 2025

వినోదకు,

ఈసారి పుస్తకం భాష నాతోని కాదు.

బయటోళ్లను రానియ్యరా? హాల్ల కూసున్నోళ్లు గూడ అడుగుతరని మొదటి జాబుల రాసింది నువ్వే గదనే. నా చెవులు పోయినయి గని కండ్లు పోలేదు.

తమ్ముడు ఆ తెల్ల చొక్క మడిచి పెట్టెల పెట్టిండు. ఏందిరా అంటే “నేను ఆడ ఉంటె బిడ్డకు ఇబ్బంది అక్కా” అని నా చెవిల చెప్పిండు. మట్టి చేతులోడు, పెద్ద సార్ల నడుమ కూసుంటె నీకు నామోషి అనిపించినట్టుంది. ఆ చేతులతోనే బస్తలు మోసి నిన్ను సదివిచ్చిండు. గా సంగతి నీ థీసిస్‌ల ఏ అధ్యాయంల రాసినవు?

మా ఏడుపు కావాలె, మేము అక్కెర లేదు. నేను సుత రాను. నీ సదువు నువ్వు సదువుకో.

మొగిలమ్మ


సుబేదారి
1 మార్చి 2025

అత్తా,

నామోషీనా? బాపు పంపిన పల్లీలు వేయించుకు తింటూనే కదా ఈ గదిలో కూర్చుని థీసిస్ రాశాను. ఆయన చేతులు చూసి నేను సిగ్గుపడతానని నువ్వు ఎట్లా అనుకున్నావు? నీ జాబు వచ్చిన రోజు వంట చేసుకోలేదు. లిదియా రెండు ఇడ్లీలు తెచ్చి బలవంతాన తినిపించింది.

నేను బాపును రావద్దన్నది ఆయన ముందు ఆ మాట చదవలేక. చదవాలి, కానీ ఆయన కళ్ల ముందు కాదు. అంతే. అది పిరికితనమంటే ఒప్పుకుంటాను.

నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెబుతాను. అమ్మ పోయిన తెల్లారి ప్రేమలత చిన్నమ్మ వచ్చి నన్ను కాజీపేటకు తీసుకుపోయింది, ఇక అక్కడే పెరిగాను. “అమ్మ దవాఖానకు పోయింది, వస్తది” అంది. వాళ్ల రైల్వే క్వార్టర్ గడప మీద కూర్చుని రైళ్లు చూసేదాన్ని. కేసముద్రం వైపు నుంచి వచ్చే ప్రతి బండిలో అమ్మ ఉంటుందనుకునేదాన్ని. అమ్మ పోయింది అని నాకు ఎవరూ చెప్పలేదు అత్తా. చిన్నమ్మ చెప్పలేదు, నువ్వు చెప్పలేదు. బాపు వచ్చి నా పక్కన కూర్చుని, జామకాయలు ఇచ్చి, ఏమీ మాట్లాడకుండా పోయేవాడు. నాకు నేనే ఎప్పుడో తెలుసుకున్నాను. ఏ రోజు తెలిసిందో కూడా గుర్తులేదు, అందుకని ఏ రోజూ ఏడవలేదు. అమ్మ గురించి నాకు దొరికింది నీ శోకం ఒక్కటే. అందుకే అందులో ఉన్నదంతా అక్షరం అక్షరం నమ్మాను.

నిన్న లిదియా ముందు చదివి చూసుకుంటుంటే ‘కాంట కాడ’ అనే చోట గొంతు ఆగిపోయింది. నీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టినా అక్కడే ఆగింది. “కోపంతోని సదువుతానవా, దుఃఖంతోనా? నీకే తెల్వకపోతే గొంతుకేం తెలుస్తది” అంది లిదియా.

ఒక్కటే అడుగుతాను, రాసి పంపు. బాపు మీద నువ్వు అన్న ఆ మాట నిజమా, కాదా?

వినోద


మన ఊరు
7 మార్చి 2025

బిడ్డా వినోదా,

కోపంలో కాగితం పట్టుకోకూడదని ఈసారి రెండు రోజులు ఆగి రాస్తున్నాను. నిన్ను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. తమ్ముడు చేనుకు పోయాడు, ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను.

మీ అమ్మకు జ్వరం వచ్చింది నిజమే. పత్తి బండికెత్తి ఉంది. తమ్ముడు పోనన్నాడు. కళావతే “ఉత్త జరమే గదా, నువ్వు పో, నేనేమన్న సత్తన్ననా” అని నవ్వింది. నేనూ పొమ్మన్నాను. పొద్దుగూకే వరకు బాగానే ఉంది. తర్వాత ఒళ్లు కాలిపోయి మాట తడబడింది. నేను, వెంకటయ్య కలిసి ఆటోలో వేసుకుని మానుకోట దవాఖానకు బయలుదేరాం. సగం దారిలో నా ఒళ్లోనే పోయింది. అప్పుడు ఫోన్లు ఎక్కడివి? మనిషి మార్కెట్‌కు పోయి, ఆ బండ్ల నడుమ తమ్ముణ్ణి వెతికి తీసుకొచ్చేసరికి తెల్లారింది.

వాడు వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మీ అమ్మ కాళ్ల దిక్కే చూస్తున్నాడు. కంట్లో తడి లేదు. నీళ్లిస్తే తాగలేదు, పిలిస్తే పలకలేదు. మన ఊళ్లో శోకం ఎత్తుకునే పెద్ద మనిషి అప్పట్లో కట్టమ్మ ముసలమ్మ. ఆమె నా మోచేయి పట్టుకుని, “మొగిలమ్మా, నీ తమ్ముని మొకం సూడు. గిట్లనే ఉంటె గుండె పలుగుతది. ఆని పేరు పెట్టి తీయ్” అంది.

ఈ మాట నీ థీసిస్‌లో లేదు. ఏడవలేక బిగుసుకుపోయిన మనిషి ఉంటే మేము శోకంలో వాడి పేరు పెడతాం. పేరు పెట్టి, తగిలేటట్టు తీస్తాం. పుట్టిన పిల్ల ఏడవకపోతే మంత్రసాని వీపు మీద చరుస్తుంది, అది పగతో చరిచిందా? నేను కాంట అన్నాను, పత్తి బరువు అన్నాను. మళ్లీ మళ్లీ పేరు పెట్టాను. ఆఖరికి తమ్ముడు నోరు తెరిచి ఏడ్చాడు. ఏడ్చి లేచాడు. లేచి పాడె పట్టాడు. అంతే బిడ్డా, నేను చేసింది.

పత్తి చేను గట్టు మీద నీకు ఇది ఎందుకు చెప్పలేదని అడుగుతావు. చెప్పాలని తోచలేదు. మా ఈడు ఆడవాళ్లు ఎవరైనా వినగానే తెలుసుకుంటారు. నువ్వు కాజీపేటలో పెరిగిన పిల్లవని నాకు ఆ గడియకు గుర్తు రాలేదు.

నిజమా కాదా అని అడిగావు. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆ పూట నాకు కోపం కూడా ఉంది. పొమ్మన్నది నేను కూడా కదా, నా మీద నాకున్న కోపం కూడా తెచ్చి వాడి మీదే వేశాను. అందులో కోపం ఎంత, ఏడిపించడానికి అన్నది ఎంత అని చెరిగి వేరు చేయడం నాకు చేతకాదు. శోకం అయినాక ఆ మాటలు అక్కడే వదిలి, తానం చేసి ఇంట్లోకి వస్తాం. మళ్లీ ఎత్తుకోం. తమ్ముడు ఆ మాట నన్ను ఒక్కనాడు అడగలేదు, నేను ఒక్కనాడు తలవలేదు. నువ్వు దాన్ని కాగితం మీద పెట్టి ఇంట్లోకి తెచ్చావు. అందుకే చదవకు అన్నాను.

ఆ రోజు నీ పేరు పెట్టలేదు. నువ్వు అక్కడ లేవు. చిన్నపిల్ల చూడొద్దని అందరం కలిసి పంపించాం. ఉంటే పెట్టేదాన్ని.

నీ అత్త


సుబేదారి
12 మార్చి 2025

అత్తా,

నీ జాబు అందింది. దాని గురించి ఎక్కువ రాయలేను, రాస్తే ఈ ఉత్తరం పూర్తికాదు.

థీసిస్ బైండయి, ఎగ్జామినర్ల చేతికి పోయి ఎన్నో నెలలైంది. ఆ వాక్యం ఇప్పుడు తీయడానికి లేదు. హరికృష్ణ సార్ దగ్గరికి పోయి నువ్వు చెప్పింది చెప్పాను. కళ్లజోడు తుడుచుకుని థీసిస్‌లో ఆ పేజీ తీశారు. “థీసిస్‌ల తప్పున్నదని వైవాల నువ్వే చెప్తే మళ్ల రాయుమనొచ్చు, డిగ్రీ ఆగొచ్చు. చెప్పకపోతే ఆ హాల్ల ఎవ్వరికీ తెల్వది. ఆలోచించుకో అమ్మా” అన్నారు. నాకు తెలుసు కదా సార్ అన్నాను.

చెబుతాను అత్తా. డిగ్రీ ఆగితే ఆగనీ. భయం మాత్రం ఉంది, లేదనను.

బాపుకు ఫోన్ చేశాను. “తిన్నవా బిడ్డా” అన్నాడు. తిన్నాను, నువ్వు తిన్నావా అన్నాను. “తిన్న” అన్నాడు. ఎప్పుడూ మా ఇద్దరికీ అక్కడితో మాటలు అయిపోతాయి. ఈసారి పెట్టేయలేదు. రానివ్వరని చెప్పింది అబద్ధం బాపు, నువ్వు రావాలి అన్నాను. పోయి మోటర్ ఆపి వచ్చాడు. “సూస్త” అన్నాడు. వస్తాడో రాడో తెలియదు. వస్తే ఆయన ముందే ఆ శోకం చదవాలి.

మీరు పొద్దున బండికి వస్తే కాజీపేట స్టేషన్‌లో లిదియా ఎదురుచూస్తుంది. నీకు ఒక్క ముక్క వినపడదని తెలుసు. అయినా ముందు వరుసలో కూర్చో.

నీ వినోద


మన ఊరు
23 మార్చి 2025

నా కోడలికి,

ఇంటికి క్షేమంగా చేరాం. నీ రూమ్మేట్ లిదియా మంచి పిల్ల. స్టేషన్‌లో నా చెయ్యి పట్టుకుని చిన్నపిల్లను నడిపించినట్టు నడిపించింది, నాకు కాళ్లు కాదు, చెవులే లేవని ఆ పిల్లకు ఎవరు చెప్పాలి? వాళ్లమ్మ చేసిన కేకు కూడా కట్టి ఇచ్చింది. తమ్ముడికి నచ్చింది.

ఇప్పుడు నా మొర విను. ముందు వరుసలో కూర్చోబెట్టావు. పెద్ద సారు గడ్డం గీకుతూ ఏదో అడిగాడు. నువ్వు తల దించుకుని ఏదో చెప్పావు. ఆయన కాగితం కింద పెట్టి మళ్లీ ఏదో అన్నాడు. నువ్వు చదవడం మొదలుపెట్టావు. నీ పెదవులు చూసి నా శోకమే అని పోల్చుకున్నాను, ‘మరదలా’ దగ్గర పోల్చుకున్నాను. తర్వాత నీ నోరు ఆగింది. అంతలో నా పక్కన తమ్ముడు లేచి నిలబడ్డాడు. వీడు సార్లతో కొట్లాటకు దిగాడురా దేవుడా అని కొత్త చొక్కా పట్టుకుని కిందికి గుంజాను. కూర్చోలేదు. ఏదో అన్నాడు. హాలంతా వాడి దిక్కే చూసింది. తర్వాత నువ్వు ఏడ్చావు. ఏడుపు వినపడకపోయినా తెలుస్తుంది బిడ్డా, నేను ఇన్ని చావులకు పోయినదాన్ని.

పాసా, ఫెయిలా? స్టేషన్‌లో అడిగితే సార్ల కాగితం వచ్చినాక రాస్తానని సైగ చేశావు. అందరూ చప్పట్లు కొట్టారు కానీ, చప్పట్లు మంచికే కొడతారని ఏముంది.

తమ్ముణ్ణి దారి పొడుగునా అడిగాను, ఏమన్నావురా అని. “ఏమన్లే అక్కా” అంటాడు. ఇంటికొచ్చి కడుపునిండా తిని పడుకున్నాడు. పొద్దున లేచి చేనుకు పోయాడు. చొక్కా చిరిగిందేమో చూసుకుని మళ్లీ నన్నే తిట్టాడు. వాడు అక్కడ ఏమన్నాడో నువ్వే రాయాలి.

మీ అత్త


సుబేదారి
27 మార్చి 2025

అత్తా,

పాసయ్యాను. డిగ్రీ ఇవ్వవచ్చని రాశారు. నాలుగో అధ్యాయం సరిచేసి మళ్లీ ఇవ్వాలని కూడా రాశారు. అది రాయడానికి వచ్చే నెల ఊరికి వస్తాను, మీ ఈడు ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి అడగాలి. ఈసారి పత్తి చేనుకు రావాల్సిన పని లేదు, శోకం గురించి మాట్లాడుకుంటాం అంతే.

పెద్ద సారు అడిగింది ఇది: “ఈ శోకాన్ని సాక్ష్యం అన్నావమ్మా, ఏ ఆధారంతో?” తప్పుగా రాశాను సార్ అన్నాను. శోకంలో పేరు ఎందుకు పెడతారో చెప్పాను, కట్టమ్మ ముసలమ్మ నీ మోచేయి పట్టుకుని అన్నది చెప్పాను. ఆ చావింట నన్ను ఉండనివ్వలేదని, అందుకని నాకు మాటలు దొరికాయి కానీ అవి ఎందుకన్నారో దొరకలేదని చెప్పాను. సారు చేతిలో కాగితం కింద పెట్టారు. “ఇప్పుడు చదువు” అన్నారు.

ముందు అసలు నవ్వొచ్చే సంగతి చెబుతాను. వైవా అయ్యాక మీ తిరుగు బండి కోసం కాజీపేట ప్లాట్‌ఫారం మీద ఉన్నప్పుడు నువ్వు నీళ్ల సీసా కొనడానికి పోయావు చూడు, అప్పుడు బాపును అడిగాను, నేను రాసింది నీకు తెలుసా అని. “మీ అత్త సదివిననాడే ఇన్న బిడ్డా. పాపం మెల్లగనే సదువుతాన అనుకున్నది. బావి కాడికి గూడ ఇనవడ్డది” అన్నాడు. ఆ తర్వాతే పోయి చొక్కా కొనుక్కున్నాడు అత్తా. నేను రావద్దంటే, ఆయన మొఖం చూసి నేను చదవలేనని అర్థం చేసుకుని చొక్కా పెట్టెలో పెట్టాడు. మనమిద్దరం ఆయనకు తెలియకుండా ఇన్ని ఉత్తరాలు రాసుకున్నాం. నన్ను ఒక్క మాట అడగలేదేం బాపు అంటే, “పేరు పెట్టినోళ్లను అడుగుతరా బిడ్డా” అన్నాడు. అప్పుడే బండి వచ్చింది.

ఇక నువ్వు అడిగినదానికి జవాబు.

కాంట దగ్గర గొంతు ఆగుతుందని భయపడ్డాను, ఆగలేదు. పత్తి బరువు దాటాను. ‘నలుగురి భుజాల మీద’ అన్నాక ఆగిపోయింది. ఎంత ప్రయత్నించినా ముందుకు రాలేదు. అప్పుడే బాపు లేచాడు. నువ్వు చొక్కా గుంజుతుంటే నిలబడే ఆ వరుస అందుకున్నాడు. రాగం లేదు, ఉత్త మాటగానే అన్నాడు. “నలుగురి భుజాల మీద ఇయ్యాల తూకమేస్తరు, వచ్చి ఎత్తుకో నా తమ్మీ రాయమల్లూ.” నువ్వు పెట్టిన పేరు తన నోటితో తానే పెట్టుకున్నాడు. ఒక్క మాట పొల్లు పోలేదు.

శోకం అక్కడితో అయిపోయింది కదా. బాపు కూర్చోలేదు. నా వైపు చూసి ఇంకొక్క మాట అన్నాడు.

“బిడ్డా వినోదా, మీ అమ్మ పోయిందే.”

నేను ఏడ్చింది అప్పుడే.

నీ కోడలు
వినోద